క్రాఫర్డ్ బాట మీద ఒక రోజు

న్యూ ఇంగ్లండులో స్థిరపడిన మన కుటుంబాలకు వైట్ మౌంటెన్స్ కొత్త కావు. అక్టోబరు వచ్చిందంటే రెండు మూడు కార్లలో బయలుదేరి, కాంకమాగస్ రోడ్డు మీద ఆకుల రంగులు చూసి, ఏ వాగు ఒడ్డునో దుప్పటి పరిచి పులిహోర, దద్దోజనం తిని, చీకటి పడే వేళకు బోస్టన్ చేరుకోవడం మనందరికీ అలవాటే. మౌంట్ వాషింగ్టన్ శిఖరం చూసినవారు కూడా మనలో చాలామంది వున్నారు. 1861 నుంచి దాని పైదాకా బండ్ల రోడ్డు వుంది. 1869 నుంచి పళ్ళచక్రం మీద ఎక్కే రైలు వుంది. టిక్కెట్టు కొనుక్కుంటే చాలు, 6,288 అడుగుల ఎత్తున నిలబడి ఫొటో తీయించుకోవచ్చు. నడిచి ఎక్కినవారు మాత్రం తక్కువ. వీపున మూటలు తగిలించుకుని, రాత్రి కొండమీదే పడుకునేటట్టు వెళ్ళినవారు మరీ తక్కువ. పోయిన ఆగస్టు చివరివారంలో మేం అయిదుగురం ఆ పనికి పూనుకున్నాం. ఆ రోజు సంగతి, ఆ కొండల సంగతి, డాక్టరుగా నాకు తోచిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

పేర్లు రాయవద్దని అందరూ ముందే మాట తీసుకున్నారు కనుక వరసలతోనే సరిపెడతాను. ఒకరు మావారు. రెండవవారు మావారి స్నేహితుడు, ఇంజనీరు. న్యూ హాంప్‌షైర్‌లో నాలుగువేల అడుగులు దాటిన శిఖరాలు 48 వున్నాయని, అవన్నీ ఎక్కి తీరాలని ఒక జాబితా జేబులో పెట్టుకు తిరిగే మనిషి. కాబట్టి ఆయనే మా నాయకుడు. మూడవవారు తెనాలి దగ్గరి పల్లెటూరి నుంచి వేసవికి వచ్చిన మా చినమావయ్యగారు. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అరవై నాలుగేళ్ళు. అలిపిరి మెట్ల మీదుగా తిరుమల పదకొండుసార్లు ఎక్కిన కాళ్ళవి. నాల్గవవాడు మా పిన్ని కొడుకు, ఇరవై ఆరేళ్ళవాడు, చదువు ముగించి ఈమధ్యే ఉద్యోగంలో చేరాడు. ఇక నేను. పిల్లలిద్దరినీ స్నేహితుల ఇంట్లో అప్పజెప్పి, ముందురోజు సాయంత్రమే క్రాఫర్డ్ నాచ్ చేరి, అక్కడి హైలాండ్ సెంటర్లో పడుకున్నాం.

మేం ఎంచుకున్న దారి పేరు క్రాఫర్డ్ పాత్. ఏబెల్ క్రాఫర్డ్, ఆయన కొడుకు ఈథన్ ఆలెన్ క్రాఫర్డ్ కలిసి 1819లో ఈ బాట కొట్టారు. 1840లో ఈథన్ తమ్ముడు థామస్ దీన్ని గుర్రాలు నడిచేటట్టు బాగుచేశాడు. అమెరికాలో అప్పటినుంచి ఇప్పటిదాకా ఎడతెగకుండా వాడుకలో వున్న కొండబాటల్లో ఇదే పాతదని చెబుతారు. రోడ్డు దగ్గర నుంచి మౌంట్ వాషింగ్టన్ శిఖరానికి ఎనిమిదిన్నర మైళ్ళు. ఏడు మైళ్ళ దగ్గర, అయిదువేల అడుగుల ఎత్తున, రెండు చిన్న చెరువుల పక్కన 'లేక్స్ ఆఫ్ ది క్లౌడ్స్' అనే హట్ వుంది. హట్ అంటే గుడిసె అనుకునేరు. తొంభైమంది పడుకోగల సత్రం అది. అపలాచియన్ మౌంటెన్ క్లబ్ వారు 1915లో కట్టారు. రాత్రి వేడి భోజనం పెడతారు. మన ఆంధ్రదేశంలో ఎత్తయిన శిఖరాల్లో ఒకటైన అరమ కొండ అయిదున్నరవేల అడుగులుంటుంది. ఇంచుమించు ఆ ఎత్తులో భోజనం, పక్క దొరుకుతాయన్నమాట. మొదటిరోజు అక్కడికి చేరి, మర్నాడు ఉదయం శిఖరం ఎక్కి దిగాలని మా లెక్క.

ఉదయం ఏడున్నరకు బయలుదేరాం. ఒక్కొక్కరి వీపున ఇరవై పౌన్లకు తక్కువ కాని మూట. నాయకుడు కొలతవేసి సర్దించినవే అన్నీ. ఒక్క చినమావయ్యగారు మాత్రం ఆయన జాబితాలో లేనివి మూడు తెచ్చారు: ఒక కాశ్మీరు శాలువ, ఒక డబ్బాడు సున్నుండలు, తెనాలిలో కొన్న ముదురు గోధుమరంగు మంకీక్యాపు. ఆగస్టు నెలలో మంకీక్యాపు ఏమిటని మా తమ్ముడు దారిపొడుగునా నవ్వాడు. ఆయన పట్టించుకోలేదు. "నెత్తిన పెట్టుకుంటే నీకు బరువా నాకు బరువా, అబ్బాయ్?" అన్నారు.

మొదటి మూడు మైళ్ళు అడవిలోనే. గిబ్స్ వాగు హోరు కొంతదూరం తోడు వస్తుంది. తరువాత అదీ వుండదు. బాట అంటే చదునైన దారి కాదు. వానలకు మట్టి కొట్టుకుపోగా మిగిలిన రాళ్ళు, వేళ్ళు. ప్రతి అడుగూ ఎక్కడ వెయ్యాలో చూసుకుని వెయ్యాలి. ఈ మూడు మైళ్ళలో రెండువేల మూడువందల అడుగుల పైచిలుకు ఎక్కుతాం. తిరుమల మెట్లతో పోల్చి చూడమని చినమావయ్యగారిని అడిగాను. "అక్కడ మోకాళ్ళ పర్వతం ఒక్కచోటే వుంది. ఇక్కడ మొదటినుంచీ అదే. పైగా నీడకు కప్పు లేదు, మజ్జిగ అమ్మేవాడూ లేడు," అన్నారు. కానీ ఆయన నడక చూసి నేర్చుకోవలసిందే. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగడం లేదు. మా తమ్ముడు పరుగెత్తి వెళ్ళి బండమీద కూలబడి రొప్పుతూ వుంటే, ఈయన అదే నడకతో వాణ్ణి దాటి వెళ్ళిపోయేవారు.

పదకొండింటికి మౌంట్ పియర్స్ కింద చెట్లు అయిపోయాయి. అయిపోవడమంటే ఒక్కసారిగా కాదు. తాడెత్తు ఫర్, స్ప్రూస్ చెట్లు నిలువెత్తు అవుతాయి, తరువాత నడుమెత్తు, తరువాత మోకాలెత్తు. గాలికి ఒకవైపు కొమ్మలే లేకుండా నేలకు కరుచుకుని వుంటాయి. ఇక్కడ నాలుగున్నరవేల అడుగులకే చెట్లు ఆగిపోతున్నాయంటే కారణం ఎత్తు కాదు, గాలి, చలి. ఈ వరసలోని శిఖరాలకు ప్రెసిడెంట్ల పేర్లు పెట్టారు. పియర్స్ న్యూ హాంప్‌షైర్‌లో పుట్టిన ఏకైక ప్రెసిడెంటు. పక్కనున్న జాక్సన్ మాత్రం ప్రెసిడెంటు జాక్సన్ కాదట, చార్ల్స్ జాక్సన్ అనే భూగర్భశాస్త్రవేత్త అట. మౌంట్ వాషింగ్టన్‌కు అబెనాకీ ప్రజలు పెట్టుకున్న పేరు అగియోకొచుక్. ప్రెసిడెంట్లందరూ తరువాత వచ్చినవారే.

అక్కడ కూర్చుని చపాతీలు, మాగాయ తిన్నాం. ఎండ బాగా వుంది. కింద లోయలో ఎర్రకప్పుల మౌంట్ వాషింగ్టన్ హోటలు బొమ్మరిల్లులా కనపడుతోంది. 1944 జూలైలో బ్రెటన్‌వుడ్స్ సమావేశం జరిగింది అందులోనే. నలభై నాలుగు దేశాలవారు కూర్చుని ఐ.ఎం.ఎఫ్., వరల్డ్ బ్యాంకులకు పునాది వేశారు. మనదేశానికి అప్పటికి స్వాతంత్ర్యం రాకపోయినా చింతామణి దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి వంటివారు ప్రతినిధులుగా వచ్చారు. చినమావయ్యగారు సోషల్ స్టడీస్ మాష్టారు. ఆ హోటలు చూసి ఆయన పొందినంత ఆనందం కొండను చూసి పొందలేదు. చెమటకు తడిసిన ఉన్ని చొక్కా విప్పేసి మా తమ్ముడు సంచీలోంచి నూలు స్వెట్‌షర్టు తీసి వేసుకున్నాడు. వాడి రెయిన్‌కోటు సంచీ అడుగున వుంది.

ఇక్కడినుంచి హట్ దాకా నాలుగు మైళ్ళు బాట కొండవీపు మీదే నడుస్తుంది. రెండువైపులా లోయలు. తలదాచుకోవడానికి ఒక చెట్టు లేదు. పొగమంచులో దారి తెలియడానికి అక్కడక్కడ రాళ్ళు కుప్పగా పేర్చివుంటాయి. మధ్యాహ్నం తరువాత వాన పడవచ్చునని ముందురోజు చూసుకున్నాం. ఆలోగా హట్ చేరతామని అనుకున్నాం. ఒంటిగంటన్నరకు మౌంట్ ఐసన్‌హోవర్ శిఖరం మీద వున్నాం. గుండు గీసినట్టుండే బోడికొండ అది. పూర్వం దాని పేరు మౌంట్ ప్లెజెంట్. ఐసన్‌హోవర్ 1969లో పోయాక ఆయన పేరు పెట్టారు. మా నాయకుడు జాబితా తీసి టిక్కు పెట్టుకుంటూ వుండగానే పడమటినుంచి మబ్బు లేచి మామీదికి వచ్చింది. అయిదు నిమిషాల్లో హోటలు లేదు, లోయ లేదు. పదినిమిషాల్లో ముందు నడిచే మనిషి వీపు తప్ప ఏమీ లేదు. తరువాత గాలి. ఆ తరువాత అడ్డంగా కొట్టే వాన.

ఈ శిఖరం గురించి నాయకుడు ముందురోజు రాత్రి చెప్పిన కథ నాకు అక్కడే గుర్తుకువచ్చింది. 1900 జూన్ 30న విలియం కర్టిస్, ఆలెన్ ఆర్మ్స్‌బీ అనే ఇద్దరు ఇదే బాటన వాషింగ్టన్ శిఖరం మీద జరిగే అపలాచియన్ క్లబ్ సమావేశానికి బయలుదేరారు. కర్టిస్ అరవై మూడేళ్ళ పేరున్న వ్యాయామవీరుడు. రెండవవాడు వయసులో వున్నవాడు. మౌంట్ ప్లెజెంట్ శిఖరం మీది పుస్తకంలో వాన, మబ్బు, అరవై మైళ్ళ గాలి, చలి అని తమ చేతులతో రాసిపెట్టి మరీ ముందుకు నడిచారు. కర్టిస్ చెరువుల దగ్గర చనిపోయాడు. ఆర్మ్స్‌బీ శిఖరానికి బాగా దగ్గరలో చనిపోయాడు. జూన్ ఆఖరు రోజున మంచుతుపాను. మర్నాటి సంవత్సరం ఆ చెరువుల దగ్గర ఒక చిన్న ఆశ్రయం కట్టారు. మేం చేరవలసిన హట్ తరువాత అక్కడే వెలిసింది.

ఐసన్‌హోవర్ ఉత్తరం వైపు దిగి మళ్ళీ క్రాఫర్డ్ బాట కలుసుకునే చోటికి వచ్చేసరికి రెండుంబావు అయింది. అందరం రెయిన్‌కోట్లలోనే వున్నాం. మా తమ్ముడు మాత్రం నిలువునా తడిశాక వేసుకున్నాడు. ఆ దిగుడులో వాడు రెండుసార్లు పడ్డాడు. మూడోసారి తూలినప్పుడు దగ్గరికి వెళ్ళి చూశాను. దవడలు కొట్టుకుంటున్నాయి. కోటు జిప్పు పైకి లాగడానికి వేళ్ళు రావడం లేదు. "ఎలా వుందిరా?" అంటే, "బాగానే వున్నా అక్కా, పోదాం పద," అన్నాడు, నావైపు చూడకుండా. పొద్దుటినుంచి నోరు మూయని వాడు అరగంటగా మాట్లాడలేదన్న సంగతి అప్పుడే నాకు తోచింది.

వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ లెక్కపెట్టమన్నాను. మతిస్థిమితం చూడటానికి మేం మంచం పక్కన అడిగే ప్రశ్న అది. "తొంభై మూడు," అన్నాడు. చాలాసేపు ఆగి "ఎనభై" అన్నాడు. తరువాత, "ఎందుకక్కా ఇప్పుడు లెక్కలు?" అని విసుక్కున్నాడు. రోజంతా అంకెలతో బతికే వాడు.

శరీరం లోపలి వేడి 95 డిగ్రీల ఫారన్‌హీటు కంటే తగ్గితే హైపోథర్మియా అంటారు. మన భాషలో దీనికి ప్రజల నోట నలిగిన మాట లేదు, మనకు అవసరం పడలేదు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని, హౌస్‌సర్జన్‌గా మే నెలలో పలనాడు వైపునుంచి వచ్చే వడదెబ్బ కేసులు చూసినదాన్ని నేను. తడిగుడ్డలు, ఐసు, ఫాను, ఆ హడావుడి చేతికి అలవాటే. ఇది దానికి తలకిందులు. కానీ ఒక పోలిక వుంది. రెంటిలోనూ జబ్బు ముందు బుద్ధిని పట్టుకుంటుంది. పొలంలో వడదెబ్బ తగిలినవాడు నీడకు రమ్మంటే తిడతాడు. చలి తగిలినవాడు బాగానే వున్నాను పదమంటాడు. అందుచేత రోగి మాట వినకూడని జబ్బులివి. కాలు తడబడటం, చెయ్యి తడబడటం, మాట తడబడటం, ఉన్నట్టుండి ముభావంగా అయిపోవడం, ఈ నాలుగూ గుర్తులు. వణుకుతున్నంతవరకు శరీరం పోరాడుతున్నట్టు. 90 డిగ్రీలకు దిగువకు పోతే వణుకు కూడా ఆగిపోతుంది. అది చూసి నయమైందనుకుంటే మనిషి దక్కడు. దీనికి గడ్డకట్టే చలి కూడా అక్కర్లేదు. నలభై అయిదు డిగ్రీలు, గాలి, తడి నూలుబట్ట వుంటే చాలు.

ఒక బండ చాటున వాణ్ణి కూర్చోబెట్టి, నేనూ మావారూ కలిసి తడిచొక్కా విప్పి, వాడి ఉన్ని చొక్కా, నా స్వెట్టరు తొడిగాం. శాలువ ఛాతీకి చుట్టి పైన కోటు వేశాం. చినమావయ్యగారు తన మంకీక్యాపు తీసి వాడి తలకు చెవులదాకా దించారు. ఈసారి నవ్వలేదు వాడు. రెండు సున్నుండలు, థర్మాసులో మిగిలిన కాఫీ పట్టించాం.

ఇప్పుడు ఎటు వెళ్ళడమన్న ప్రశ్న వచ్చింది. అక్కడినుంచి హట్ సుమారు రెండు మైళ్ళు. అక్కడ పొయ్యి, సూపు, పొడిపక్కలు వున్నాయి, మనుషులున్నారు. పడమటివైపు ఎడ్మండ్స్ పాత్ అనే దారి రోడ్డుకు దిగుతుంది. అది మూడు మైళ్ళు. దిగితే హట్‌కు కట్టిన డబ్బు పోతుంది, శిఖరం పోతుంది, ఆరునెలల కిందటినుంచి వేసుకున్న ఏర్పాటు పోతుంది.

నాయకుడు హట్‌కే పోదామన్నారు. ఆయన వాదన తీసిపారేయదగింది కాదు. "దూరం తక్కువ, పెద్ద ఎక్కుడు లేదు, అక్కడ వెచ్చదనం వుంది. కిందికి దిగితే ఇంకా మూడు గంటలు, అదీ మొదట గాలికి ఎదురుగా," అన్నారు. గాలికి ఎదురు పోవాలన్నది నిజమే. కానీ ఆ ఎదురు కొద్దిసేపే, తరువాత చెట్లలోకి పోతాం. హట్ దారిలో రెండు మైళ్ళూ గాలే. వీడు ఈ నడకతో రెండు మైళ్ళకు రెండు గంటలు పడతాడు. మధ్యలో పడిపోతే మోసే శక్తి మాకు లేదు, దాచడానికి చోటు లేదు. దూరం మైళ్ళలో కాదు, గాలిలో ఎంతసేపు వుంటామన్న దానిలో కొలవాలని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. గాలి హోరులో ఇద్దరం అరుచుకుంటున్నాం.

చినమావయ్యగారు అంతవరకు కుర్రవాడి చేతులు తన చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. అక్కడినుంచే అన్నారు: "వేంకటేశ్వరుడి కొండకు మొక్కుకున్నవాళ్ళమే ఒంట్లో బాగుండకపోతే మొక్కు వాయిదా వేసుకుంటాం. ఈ కొండకు మొక్కు కూడా లేదు గదయ్యా. అమ్మాయి డాక్టరు. ఆవిడ చెప్పినట్టు చెయ్యండి."

నాయకుడు ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరువాత వెళ్ళి కుర్రవాడి మూట తన మూట పైన కట్టుకున్నారు. ఆయన మంచితనం గురించి ఇంతకంటే రాయనక్కర్లేదు.

ఎడ్మండ్స్ బాట మొదటి భాగం నేను మరచిపోలేను. గాలి ముఖాన కొడుతోంది. వాన ఇసుక చల్లినట్టు తగులుతోంది. మావారు ముందు, వాడి భుజం పట్టుకుని నేను, వెనక చినమావయ్యగారు. వాడిచేత మాట్లాడించాలని ఎక్కాలు చెప్పించారు మాష్టారు. పదమూడో ఎక్కంలో మూడుచోట్ల తప్పాడు. మోకాలెత్తు పొదలు వచ్చాయి. నడుమెత్తు వచ్చాయి. పది పదిహేను నిమిషాల్లోపే నిలువెత్తు చెట్లలోకి ప్రవేశించాం. గాలి అక్కడ ఎవరో తలుపు వేసినట్టు ఆగింది. పైన హోరు మాత్రం వినపడుతోంది. రేనర్ ఎడ్మండ్స్ అనే ఆయన 1909లో పూర్తిచేసిన దారి ఇది. నడిచేవాడి ఊపిరి ఎగపోయకుండా ఏటవాలుగా, రాళ్ళు కుదురుగా పేర్చి వేయించాడు. అలసిన కాళ్ళకు ఆ పనితనం ఏమిటో తెలుస్తుంది. నూరేళ్ళు దాటినా ఆ రాళ్ళు కదలలేదు.

చెట్లలో అరగంట నడిచాక వాడి వణుకు తగ్గింది. మాట కూడా తిన్నగా వచ్చింది కనుక నాకు భయం వెయ్యలేదు. గంటకు, "ఈ టోపీ ఎవరిది?" అని అడిగాడు. అందరం నవ్వాం. వాడికి శిఖరం దిగినప్పటినుంచి ఏం జరిగిందో సరిగా గుర్తులేదు. అయిదున్నరకు మౌంట్ క్లింటన్ రోడ్డు చేరాం. కారు వున్నచోటు అక్కడికి రెండు మైళ్ళకు పైమాటే. నాయకుడే నడిచి వెళ్ళి తెచ్చారు. అన్నిటికంటే ముందు క్లబ్ వారికి మేం క్షేమంగా దిగిపోయామని, హట్‌కు రావడం లేదని కబురు చేశాం. లేకపోతే మాకోసం ఆ వానలో ఎవరో వెతకడానికి బయలుదేరవలసి వచ్చేది. అయిదుగురి కాళ్ళకూ కలిపి పదకొండు బొబ్బలు. రాత్రి హైలాండ్ సెంటర్లో వేడి సూపు తాగుతూ కుర్రవాడు తన లెక్క తనే మొదలుపెట్టాడు: తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది...

ఇంటికి వచ్చాక నేను చాలా ఆలోచించాను. మనం ఈ దేశానికి వచ్చినవాళ్ళం వెనక్కి తిరగడం నేర్చుకోలేదు. ఎంట్రన్సు, తరువాత ఇంకో పరీక్ష, వీసా, రెసిడెన్సీ, బోర్డు పరీక్ష. ఒకచోట ఆగినా ఇక్కడిదాకా వచ్చేవాళ్ళం కాము. ఆ పట్టుదల మనకు అన్నం పెట్టింది, కాదనను. కానీ అదే పట్టుదల కొండమీద మనిషిని తీసుకుపోగలదు. అక్కడ మనతో పోటీపడేవాడు ఎవడూ లేడు, మార్కులు వేసేవాడు లేడు. 1849 నుంచి ఈ కొండలవరసలో నూట యాభైమందికి పైగా చనిపోయారు. వారిలో కర్టిస్ వంటి గట్టివారూ వున్నారు. మౌంట్ వాషింగ్టన్ మీద 1934 ఏప్రిల్ 12న గంటకు 231 మైళ్ళ గాలి కొలిచారు. ఏడాదిలో సుమారు నూటపది రోజులు అక్కడ తుపాను వేగంతో గాలి వీస్తుంది. వాతావరణం బాగుండకపోతే వెంటనే వెనక్కి తిరగమని, వేసవిలో కూడా ఇక్కడ చనిపోయారని అడవిశాఖవారు బోర్డులే పెట్టారు.

వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. నూలుబట్టలు, జీన్సు ఇంట్లో వదలండి. ఉన్ని గాని, పోలియెస్టరు గాని వేసుకోండి. రెయిన్‌కోటు సంచీలో పైన పెట్టండి, వాన పడకముందే వేసుకోండి. ఆగస్టులోనైనా టోపీ, చేతితొడుగులు వుండాలి. వాషింగ్టన్ శిఖరం మీది అబ్జర్వేటరీవారు పైకొండలకు వేరుగా ఇచ్చే వాతావరణ సూచన బయలుదేరే ఉదయం చదవండి. కింద ఎనభై డిగ్రీలున్నా పైన నలభై వుండవచ్చు. దారిలో ఎక్కడెక్కడ దిగిపోవచ్చునో ఇంట్లోనే పటం మీద గుర్తుపెట్టుకోండి. చలి తగిలినవాడికి తడి విప్పి పొడి కట్టండి, గాలి చాటుకు చేర్చండి, మింగగలిగితే తీపి పెట్టండి. కాళ్ళూ చేతులూ రుద్దకండి, బ్రాందీ పొయ్యకండి. అది ఒంట్లో వేడి పుట్టించదు, వున్న వేడిని బయటికి పంపుతుంది. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ఎవరో వారిని ముందు నడవనివ్వండి.

చినమావయ్యగారు సెప్టెంబరులో తెనాలి వెళ్ళిపోయారు. మంకీక్యాపు కుర్రవాడికి ఇచ్చి వెళ్ళారు. వచ్చే జూలైలో మళ్ళీ అదే బాటన బయలుదేరాలని అనుకుంటున్నాం. ఐసన్‌హోవర్ దగ్గర ఆగి ఆకాశం చూసి, బాగుంటే ముందుకు, లేకపోతే ఎడ్మండ్స్ బాటన కిందికి. మాతో రాదలచినవారు చెబితే సంతోషిస్తాం. సున్నుండలు మేం తెస్తాం.